అంతరిక్ష వ్యూహ క్రీడల్లో ఆటోమేషన్‌కు ఏది అప్పగించాలి, ఏది మన చేతిలో ఉంచుకోవాలి?

దూరదర్శిని

కొంతకాలంగా డిస్టెంట్ వరల్డ్స్ 2 అనే కంప్యూటర్ ఆట ఆడుతున్నాను. 2022లో వచ్చిన ఈ ఆటలో ఒక గెలాక్సీలో 2000 దాకా నక్షత్ర వ్యవస్థలు ఉండవచ్చు. ఆట వంతులవారీగా సాగదు. కాలం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, ఆలోచించుకోవాలంటే మనమే పాజ్ చేసుకోవాలి. పన్నుల నుంచి గూఢచర్యం దాకా దాదాపు ప్రతి శాఖకూ మూడు ఎంపికలు ఉన్నాయి. శాఖను పూర్తిగా కంప్యూటర్‌కు వదిలేయవచ్చు (ఇదే ఆటోమేషన్), కంప్యూటర్ ఇచ్చే సలహాను ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో చేయవచ్చు, లేదా అంతా మనమే చూసుకోవచ్చు.

అన్నింటినీ ఆటోమేషన్‌లో పెడితే సామ్రాజ్యం బాగానే పెరుగుతుంది కానీ ఖజానా ఎందుకు నిండిందో, పొరుగు సామ్రాజ్యం మనపై ఎందుకు కత్తి కట్టిందో తెలియకుండానే ఆట ముందుకు వెళ్ళిపోతుంది. అన్నింటినీ చేతిలోకి తీసుకుంటే ప్రతి నిర్మాణ నౌకకూ తర్వాతి పని చెప్పడంతోనే సమయం సరిపోతుంది, గెలాక్సీలో ఏం జరుగుతోందో తలెత్తి చూసే తీరిక ఉండదు. ఎవరికి నచ్చినట్టు వారు ఆడుకోవచ్చన్న సమాధానం సరైనదే, దానితో నాకు పేచీ లేదు. అయితే గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి అభిరుచిని మించిన ఆధారం ఏదైనా ఉందా? ఈ ఒక్క ఆటకే పరిమితం కానక్కరలేదు, మీరు ఆడే ఏ అంతరిక్ష వ్యూహ క్రీడ నుంచైనా చెప్పండి.

నిశితలెక్క

దూరదర్శిని గారూ, ఈ గీత గీయడానికి చాలామంది ఆ శాఖ ఎంత ముఖ్యమైనదన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నేను మాత్రం రెండు వేరే ప్రశ్నలు వేసుకుంటాను. కంప్యూటర్ తప్పు నిర్ణయం తీసుకుంటే ఆ సంగతి నాకు ఎంత త్వరగా తెలుస్తుంది? తెలిశాక దాన్ని సరిదిద్దడానికి ఎంత ఖర్చవుతుంది?

పన్నులు ముఖ్యమైనవే, అయినా వాటిని కంప్యూటర్‌కే వదిలేస్తాను. ఒక వలసగ్రహంలో పన్ను ఎక్కువైతే ప్రజల అసంతృప్తి వెంటనే అంకెల్లో కనబడుతుంది, రేటు తగ్గిస్తే కొంతకాలానికి సర్దుకుంటుంది. గనుల కేంద్రాల సంగతీ అంతే. నిర్మాణ నౌక అంత అవసరం లేని చోట ఒక కేంద్రం కడితే కొంత డబ్బు పోతుంది, అంతకు మించి ఏమీ కాదు. నౌకల డిజైన్ ఇందుకు పూర్తిగా భిన్నం. కంప్యూటర్ వేసిన డిజైన్‌లో లోపముంటే అది నౌకాస్థావరంలో కనిపించదు, మొదటి పెద్ద యుద్ధంలో కనిపిస్తుంది. అప్పటికి అదే నమూనాతో దళాలకు దళాలు తయారై ఉంటాయి. అందుకే డిజైన్‌ను ఎప్పుడూ నా దగ్గరే ఉంచుకుంటాను. యుద్ధ ప్రకటనలూ ఒప్పందాలూ ఇదే కోవలోకి వస్తాయి, ఎందుకంటే ఒకసారి పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఆటలో చాలా కాలం పడుతుంది.

పరిశోధన విషయంలో మాత్రం నా రెండు ప్రశ్నలూ సరిగా పనిచేయవని ఒప్పుకోవాలి. కంప్యూటర్ ఎంచుకున్న సాంకేతికత పనికిరానిదేమీ కాకపోవచ్చు, కానీ దాని బదులు వేరొకటి ఎంచుకుని ఉంటే ఏమయ్యేదో మనకు ఎన్నడూ కనబడదు. కాబట్టి అక్కడ తప్పు జరిగినా అది తప్పుగా కనిపించదు. ఈ కారణంగానే పరిశోధన వరుసను నేనే పేరుస్తాను. ఒకసారి పేరిస్తే చాలాసేపు దాని జోలికి వెళ్ళనక్కరలేదు కనుక శ్రమ కూడా తక్కువే.

పాతకక్ష్య

ఈ వాదన దశాబ్దాలుగా ఉన్నదే. 1993 నాటి మాస్టర్ ఆఫ్ ఒరాయన్‌లో ప్రతి గ్రహానికీ ఐదు మీటలు మాత్రమే ఉండేవి: నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, సాంకేతికత. ఒక్కో మీటను అటూ ఇటూ జరిపితే గ్రహం పని అయిపోయేది. గ్రహాలు ఎన్ని చేరినా వాటిని ఏలడం బరువనిపించేది కాదు, అందువల్ల ఆటోమేషన్ అవసరమే పెద్దగా రాలేదు.

2003లో వచ్చిన ఈ శ్రేణిలోని మూడో ఆట దీనికి తలకిందులు. గ్రహాలను అనేక మండలాలుగా విడగొట్టి, ప్రతి మండలానికీ అభివృద్ధి ప్రణాళికలు పెట్టి, అంత వివరాన్ని మనిషి మోయలేడు కనుక ప్రతి గ్రహం మీదా కంప్యూటర్ నడిపే ఒక వైస్రాయ్‌ను కూర్చోబెట్టారు. ఆటగాళ్ళ ఫిర్యాదు ఆ వైస్రాయ్ తెలివితక్కువతనం గురించి మాత్రమే కాదు. తాము మార్చిన నిర్మాణ వరుసను అతడు మళ్ళీ తనకు తోచినట్టు మార్చేసేవాడన్నది అసలు బాధ. కొందరు విసిగిపోయి వరుసగా తర్వాతి వంతు మీట నొక్కుకుంటూ పోయినా సామ్రాజ్యం దాని పాటికది నడిచిపోయేది.

ఈ ఆట రూపకల్పన దశలో ఉండగా, చక్రవర్తి దృష్టికి కూడా ఒక పరిమితి ఉంటుందని, ప్రతి వంతులోనూ ఆటగాడు కొన్ని విషయాల్లో మాత్రమే స్వయంగా జోక్యం చేసుకోగలడని ఒక పద్ధతి అనుకున్నారు. విడుదలకు ముందే దాన్ని తీసేశారు. నా అభిప్రాయంలో తీసేయకుండా ఉండాల్సింది అదే. దృష్టికి ధర కట్టినప్పుడు, దేనిలో వేలు పెట్టాలన్నదే ఒక వ్యూహాత్మక నిర్ణయమవుతుంది. ఆ ధర లేకపోయేసరికి వైస్రాయ్ మీద చెలాయించే అధికారం మనకు లేదు, అతణ్ణి వదిలించుకునే వీలూ లేదు.

స్టెల్లారిస్ అనే ఆట కూడా 2016లో విడుదలైనప్పుడు ఇలాంటి దారినే పట్టింది. నేరుగా పాలించగల గ్రహాల సంఖ్యకు పరిమితి పెట్టి, అది దాటితే మిగతావాటిని సెక్టార్లకు, అంటే కంప్యూటర్ పాలించే ప్రాంతాలకు అప్పగించాలన్నారు, లేకుంటే జరిమానా పడేది. ఆ పరిమితిని 2018 డిసెంబరులో వచ్చిన 2.2 నవీకరణతో ఎత్తేశారు. బలవంతపు అప్పగింతను ఆటగాళ్ళు ఏనాడూ ఇష్టపడలేదన్నది ఈ రెండు ఉదాహరణల్లోనూ కనిపిస్తుంది.

ఒంటరిఓడ

నాది భిన్నాభిప్రాయం. ఒక పనిని కంప్యూటర్‌కు అప్పగించాలనిపించిందంటే ఆ పనిలో ఆసక్తికరమైన నిర్ణయమేదీ లేదని అర్థం. అలాంటప్పుడు అది ఆటలోనే ఉండకూడదు. ఉన్నదంటే చేయాలి. అంత పని చేయలేననుకుంటే గెలాక్సీని చిన్నది చేసుకోవాలి. ఆట మొదలుపెట్టేటప్పుడు నక్షత్రాల సంఖ్యను ఎంచుకునే వీలు ఈ ఆటలన్నింటిలోనూ ఉంటుంది. అయినా అందరూ అతి పెద్దదాన్నే ఎంచుకుని, ఆ తర్వాత దాన్ని మోయడానికి కూలీలను వెతుక్కుంటారు. రెండు వందల నక్షత్రాల్లో ప్రతి నౌక పేరూ తెలిసి ఆడడం, రెండు వేల నక్షత్రాల్లో ఎవరో ఆడుతుంటే చూడడం, ఈ రెండింటిలో మొదటిదే నాకు ఆట అనిపిస్తుంది.

దూరదర్శిని

ఒంటరిఓడ గారూ, చిన్న గెలాక్సీలో ఆడినప్పుడు నాకు బాగా తేడా తెలిసింది. అక్కడ దూరాలు తగ్గిపోతాయి. దూరాలు తగ్గితే ఇంధనానికి విలువ తగ్గుతుంది, నౌకలు ఎక్కడికైనా వెళ్ళి రాగలవు. పొరుగువారు మొదటి నుంచీ పక్కనే ఉంటారు కనుక అన్వేషణ త్వరగా ముగుస్తుంది. డిస్టెంట్ వరల్డ్స్ 2లో నాకు నచ్చినదే కాస్లాన్, హైడ్రోజన్ అనే ఇంధనాలు ఎక్కడ దొరుకుతాయో చూసుకుని సామ్రాజ్యాన్ని వాటి చుట్టూ అల్లుకోవడం. పరిమాణం తగ్గించడం వల్ల పని తగ్గుతుందన్న మాట నిజమే కానీ, ఆ పనితోపాటు నేను ఆడదలచుకున్న ఆట కూడా కొంత పోతుంది.

సోరియం

అరోరా అనే ఆట ఆడే వారి వైపు నుంచి ఒక మాట. స్టీవ్ వాల్మ్‌స్లీ ఒక్కరే తయారు చేసి ఉచితంగా ఇస్తున్న ఈ ఆటకు సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాసిన రూపం 2020లో వచ్చింది. వివరంలో దీనిని మించిన అంతరిక్ష ఆటను నేను చూడలేదు. ఖనిజాలే పదకొండు రకాలు. ఇంధనం సోరియం నుంచి వస్తుంది, ఇంజన్లకు గాలిసైట్ కావాలి, ఒకటి నిండుగా ఉన్నా రెండోది అడుగంటితే నౌకాస్థావరం ఆగిపోతుంది. కాలాన్ని ఐదు సెకన్ల నుంచి ముప్పై రోజుల దాకా మనకు కావలసిన అంగతో నడపవచ్చు, మధ్యలో ముఖ్యమైనదేదైనా జరిగితే ఆట తనంతట తానే ఆగి చెబుతుంది.

ఇంత వివరమున్న ఆటలో నా తరఫున నిర్ణయాలు తీసుకునే వైస్రాయ్ లేడు. ఉన్నవి నిలకడ ఆదేశాలు, షరతులతో కూడిన ఆదేశాలు. సర్వే నౌకకు దగ్గరలో సర్వే కాని గోళానికి వెళ్ళమని ఒకసారి చెబితే, అది ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతుంది. ఇంధనం ఇంత శాతానికి తగ్గితే స్థావరానికి వెళ్ళి నింపుకోమని ఇంకొక షరతు పెడితే దాన్ని కూడా పాటిస్తుంది. ఇక్కడ మనం గమనించాల్సిన తేడా ఒకటుంది. నేను తీసుకున్న నిర్ణయాన్ని కంప్యూటర్ పదేపదే అమలు చేయడం ఒక పని, నిర్ణయాన్ని కంప్యూటరే తీసుకోవడం మరొక పని. రెండింటినీ ఆటోమేషన్ అనే పిలుస్తున్నాం కనుకే ఈ చర్చ తెగడం లేదని నాకనిపిస్తుంది. మొదటి రకాన్ని నేను ఎంతైనా వాడతాను, రెండో రకం దగ్గరే ఆగి ఆలోచిస్తాను.

అయితే మొదటి రకానికీ కాపలా అవసరమే. అరోరాలో మాస్ డ్రైవర్ అనే యంత్రం ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి ఖనిజాల మూటలను అంతరిక్షంలోకి విసురుతుంది, అవతలి గ్రహం మీదున్న మాస్ డ్రైవర్ వాటిని పట్టుకుంటుంది. ఒకసారి అమర్చితే ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఏదో అవసరం పడి అవతలి గ్రహం మీది యంత్రాన్ని వేరే చోటికి తరలిస్తే, దారిలో ఉన్న మూటలు ఆగవు. పట్టుకునేవారు లేక నేరుగా మన ప్రజల నెత్తి మీదే పడతాయి. ఆదేశం ఇచ్చినప్పుడు ఉన్న పరిస్థితి మారినా ఆదేశం మారదు. అలాగే సర్వే నౌక దగ్గరలోని గోళాన్ని వెతుకుతుందే కానీ, ఆ గోళం పక్కన శత్రువు కాచుకుని ఉన్నాడా అని ఆలోచించదు.

నిశితలెక్క

సోరియం గారు చూపిన తేడా నా రెండు ప్రశ్నల కంటే బలమైనది. దానికి ఒక కొనసాగింపు చెబుతాను.

నిర్ణయాలు తీసుకునే ఆటోమేషన్ తప్పు చేసినప్పుడు, దానికి కారణం చాలాసార్లు తెలివితక్కువతనం కాదు, అది చూడగలిగినంత మేరే చూడడం. స్టెల్లారిస్‌లో ఒక గ్రహాన్ని ఆటోమేషన్‌లో పెట్టామనుకోండి. ఆ గ్రహం మీద ఖాళీ స్థలముంది, జనాభా ఉంది, పరిశోధన కేంద్రం కట్టడం తప్పేమీ కాదు. కానీ పరిశోధకులు వినియోగ వస్తువులను వాడుకుంటారు. ఆ వస్తువులు తయారు చేసేవారికి ఖనిజాలు కావాలి. యుద్ధ నౌకలకు అవసరమైన మిశ్రమ లోహాలకు కూడా అవే ఖనిజాలు కావాలి. పది గ్రహాలు దేనికదే సబబైన నిర్ణయం తీసుకుంటే, అన్నీ కలిసి సామ్రాజ్యాన్ని లోటులోకి నెట్టగలవు. యుద్ధానికి సిద్ధపడాలన్న ఉద్దేశం నా మనసులో ఉందని ఆ గ్రహానికి ఎలా తెలుస్తుంది? అందుకే అక్కడ నేను ప్రతి గ్రహానికీ ప్రత్యేక పాత్రను నిర్ణయించి, ఆ పాత్రకు లోబడి కట్టడాన్ని మాత్రమే కంప్యూటర్‌కు ఇస్తాను. ఏ గ్రహం దేనికన్నది నాది, కట్టే వరుస దానిది.

నౌకల డిజైన్‌లో కూడా ఇదే జరుగుతుంది. ఆటోమేటిక్ డిజైన్ అందుబాటులో ఉన్న భాగాల్లో మెరుగైనవి ఎంచి పెడుతుంది. కానీ స్టెల్లారిస్‌లో లేజర్లు ఆర్మర్ (లోహ కవచం) మీద బాగా పనిచేస్తాయి, షీల్డుల (శక్తి కవచాల) మీద తేలిపోతాయి. గుళ్ళు విసిరే కైనెటిక్ ఆయుధాలది దానికి సరిగ్గా వ్యతిరేకం. క్షిపణులైతే షీల్డులను దాటుకుని పోతాయి. కాబట్టి మంచి డిజైన్ అనేది దానికదిగా ఉండదు, ఫలానా శత్రువు మీద మంచి డిజైన్ మాత్రమే ఉంటుంది. వచ్చే దశాబ్దంలో నేను ఎవరి మీదికి వెళ్ళబోతున్నానో నాకు తెలుసు, డిజైన్ చేసే కోడ్‌కు తెలియదు.

వలసబాట

నేను ఇంతవరకూ చదివిన దానిలో ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. డిస్టెంట్ వరల్డ్స్‌లో అన్నిటికంటే పెద్ద ఆటోమేషన్‌కు అసలు మీటే లేదు. సరుకు రవాణా నౌకలు, గనుల నౌకలు, ప్రయాణికుల నౌకలు ప్రైవేటు రంగానివి. అవి ఎక్కడికి వెళ్ళాలో మనం చెప్పలేం. అవి మన నౌకాస్థావరాల్లో నౌకలు కొంటాయి, దానివల్ల ప్రభుత్వానికి ఆదాయం వస్తుంది. మనం చేయగలిగింది మంచి చోట గనుల కేంద్రాలూ స్థావరాలూ కట్టడం, దారులకు దొంగల బెడద లేకుండా చూడడం. ఇన్ని వేల ప్రయాణాలను కంప్యూటర్ నడుపుతున్నా, ఆట నా చేతిలోంచి పోయిందని ఎవరికీ అనిపించదు. ఎందుకంటే అది నా పనిని నా బదులు చేయడం లేదు, తన పని తాను చేసుకుంటోంది.

గెలాక్టిక్ సివిలైజేషన్స్ 4 (2022) ఇంకో దారి తొక్కింది. అక్కడ గవర్నర్‌ను నియమించిన ప్రధాన గ్రహాలను మాత్రమే మనం వివరంగా చూసుకుంటాం. మిగతా వలసలు తమ వనరులను దగ్గరలోని ప్రధాన గ్రహానికి పంపుతూ ఉంటాయి, వాటిలో చేయడానికి ఏమీ ఉండదు. ఒంటరిఓడ గారు అన్నట్టు ఆసక్తి లేని పనిని ఆటలోంచే తీసేశారు, కానీ గెలాక్సీని చిన్నది చేయకుండానే తీసేశారు. రూపకర్త తన పని సరిగా చేస్తే ఆటగాడు ఆటోమేషన్ గురించి తల బద్దలు కొట్టుకోనక్కరలేదని నా నమ్మకం.

పాతకక్ష్య

ప్రైవేటు రంగం గురించి మీరు చెప్పినదానితో ఏకీభవిస్తాను. రెండోదానితో అంతగా కాదు. వివరాన్ని తీసేస్తే అవసరం పడినప్పుడు చేయి పెట్టడానికి చోటు ఉండదు. సరిహద్దులో ఉన్న ఒక మామూలు వలస యుద్ధం వచ్చేసరికి అత్యంత కీలకమైన స్థావరం కావచ్చు; ఆ పదేళ్ళూ దాన్ని నా చేతుల్లోకి తీసుకుని, యుద్ధం ముగిశాక తిరిగి వదిలేయాలని నాకుంటుంది. లోపల యంత్రమంతా ఉండి పైన మూత ఉండడం, లోపల ఏమీ లేకపోవడం, ఈ రెండూ బయటి నుంచి ఒకేలా కనిపించినా ఆడేటప్పుడు ఒకటి కావు. 2000లో వచ్చిన స్పేస్ ఎంపైర్స్ 4లో మంత్రులను శాఖలవారీగా నియమించి, కావలసినప్పుడు తీసేసే వీలుండేది. ఆ మంత్రులు గొప్పవారేమీ కాదు, కానీ అధికారం ఇచ్చేదీ లాక్కునేదీ నేనే.

జట్టుపోరు

ఇక్కడ మాట్లాడినవారంతా ఒంటరిగా, పాజ్ చేసుకుంటూ ఆడేవారని తెలుస్తూనే ఉంది. నలుగురితో కలిసి ఆడినప్పుడు ఎవరూ పాజ్ చేయనివ్వరు. సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్ (2008) లాంటి ఆటలో పెద్ద నౌకల ప్రత్యేక శక్తులను వాటంతట అవే వాడుకునేలా వదిలేయవచ్చు. చాలావాటిని నేను అలాగే వదులుతాను, ఎందుకంటే ఆ క్షణంలో నా కళ్ళు వేరే గ్రహం మీద ఉంటాయి. కానీ ఒక నౌకలోని ఆ శక్తులన్నీ యాంటీమ్యాటర్ అనే ఒకే ఇంధన నిల్వను వాడుకుంటాయి. చిన్న చిన్న శక్తులు దాన్ని ఖాళీ చేసేస్తే, యుద్ధాన్ని మలుపు తిప్పగల శక్తికి సమయం వచ్చినప్పుడు ఏమీ మిగలదు. అందుకని ఒక్కో నౌకకు ఒకటో రెండో వదిలి, ఖరీదైనదాన్ని మాత్రం నా వేలి కిందే ఉంచుకుంటాను. ఒకే నిల్వను వాడుకునేవాటిలో కొన్ని ఆటోమేషన్‌లోనూ కొన్ని చేతిలోనూ ఉన్నప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది.

నిశితలెక్క

జట్టుపోరు గారి చివరి వాక్యాన్ని డిస్టెంట్ వరల్డ్స్ ఆడేవారు గట్టిగా గుర్తుంచుకోవాలి. అక్కడ ఆ నిల్వ పేరు ఖజానా. పెద్ద యుద్ధ నౌకల కోసం డబ్బు కూడబెడదామని మనం ఆగి ఉంటే, ఆటోమేషన్‌లో ఉన్న నిర్మాణ శాఖకు ఆ డబ్బు ఖర్చు కాకుండా పడి ఉన్న సొమ్ములా కనిపిస్తుంది, వెంటనే కొత్త స్థావరాలు కట్టడం మొదలుపెడుతుంది. నౌకల నిర్మాణాన్ని చేతిలో పెట్టుకున్నవారు స్థావరాల నిర్మాణాన్ని కూడా కనీసం సలహా స్థాయికి తేవడం మంచిది.

ఒంటరిఓడ

మీరంతా ఏది అప్పగించాలో మాట్లాడుతున్నారు, అప్పగించాక మనకు ఏమవుతుందో మాట్లాడడం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ కర్మాగారాల్లోని నియంత్రణ వ్యవస్థలను దృష్టిలో ఉంచుకుని 1983లోనే ఈ చిక్కును వివరించారు. తేలికైన పనులన్నీ యంత్రానికి పోతాయి, యంత్రం చేతులెత్తేసిన అతి కష్టమైన ఘడియలో మాత్రం మనిషిని పిలుస్తారు. రోజూ చేయకపోవడం వల్ల ఆ మనిషికి అప్పటికే చేయి తిరగడం పోయి ఉంటుంది. ఈ ఆటల్లో అచ్చంగా అదే జరుగుతుంది. వంద సంవత్సరాల ఆట కాలం పాటు ఆర్థిక శాఖను వదిలేసినవారు, దివాలా దగ్గరపడినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని ఏ అంకె ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ కూర్చుంటారు. గ్రహాలను మామూలు రోజుల్లో వదిలేసి యుద్ధం రాగానే చేతుల్లోకి తీసుకుంటానన్న పాతకక్ష్య గారికి, ఆ గ్రహం అప్పటిదాకా ఎలా నడిచిందో ఎలా తెలుస్తుంది?

సోరియం

ఇది న్యాయమైన అభ్యంతరం, దీనికి పూర్తి సమాధానం లేదు. నేను పాటించే పద్ధతి చెబుతాను. కొత్త ఆటలో మొదటి కొన్ని దశాబ్దాలు అన్నీ చేత్తోనే చేస్తాను. సామ్రాజ్యం చిన్నది కనుక అప్పుడు అది బరువు కాదు. ఏ మీట నొక్కితే ఏ అంకె కదులుతుందో అప్పుడే తెలుస్తుంది. ఒక పనిని వరుసగా ఒకే విధంగా చేస్తున్నానని, దానిలో ఆలోచించాల్సింది మిగల్లేదని గమనించినప్పుడే దాన్ని ఆదేశంగా మార్చేస్తాను. అంటే అప్పగించేది నాకు తెలియని పనిని కాదు, నాకు తెలిసిపోయిన పనిని. కొత్తవారికి మొదట అన్నీ ఆటోమేషన్‌లో పెట్టి తర్వాత ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోమని తరచుగా సలహా ఇస్తారు. ఆటను పరిచయం చేసుకోవడానికి అది పనికొస్తుంది, అర్థం చేసుకోవడానికి నా పద్ధతి మేలు.

చేయి తిరగడం పోకుండా ఉండడానికి ఇంకొకటి చేస్తాను. సామ్రాజ్యంలో ఎక్కడో ఒక మూల, ఒక వలస, ఒక చిన్న నౌకాదళం ఎప్పుడూ నా సొంత చేతుల మీదే నడుస్తాయి. కంప్యూటర్ నడిపే గ్రహాలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి నాకు అదే కొలబద్ద.

వలసబాట

సలహా స్థాయి గురించి ఎవరైనా చెప్పాలి. మధ్యే మార్గమని అందరూ దాన్ని ఎంచుకుంటారు, నాకు మాత్రం చాలా శాఖల్లో అదే అన్నిటికంటే చెడ్డ ఎంపికగా తోస్తుంది. సామ్రాజ్యం పెరిగేకొద్దీ సలహాలు వరుసగా వచ్చి పడుతుంటాయి. ప్రతిదానికీ వెనక ఉన్న లెక్క చూసే ఓపిక ఉండదు కనుక చదవకుండానే సరేనంటూ పోతాం. అప్పుడు ఆటోమేషన్ వల్ల వచ్చే తీరికా లేదు, స్వయంగా చేయడం వల్ల వచ్చే అవగాహనా లేదు. పైగా నిర్ణయం నాదేనన్న భ్రమ ఒకటి మిగులుతుంది.

నిశితలెక్క

ఆ నిర్ణయం ఎంత తరచుగా వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అరుదుగా వచ్చి, వచ్చినప్పుడు దీర్ఘకాలం ప్రభావం చూపే నిర్ణయాలకు సలహా స్థాయి చక్కగా సరిపోతుంది: కొత్త గ్రహంలో వలస వేయడం, ఒప్పందం కుదుర్చుకోవడం, గూఢచారిని పంపడం. రోజూ పుట్టుకొచ్చే వాటికి పనికిరాదు. అలాంటివాటికి విధానాల పేజీని వాడుకోవాలి. డిస్టెంట్ వరల్డ్స్ 2లో చాలామంది ఆ పేజీ తెరవకుండానే ఆటోమేషన్ బాగాలేదని తేల్చేస్తారు. ఏ రకం పనికి ప్రాధాన్యం ఇవ్వాలో, ఎలాంటి నౌకలు ఎంత నిష్పత్తిలో ఉండాలో, ఎంత దెబ్బ తగిలితే యుద్ధం నుంచి తప్పుకోవాలో ముందే చెప్పి పెట్టవచ్చు. అప్పుడు కంప్యూటర్ తీసుకునే రోజువారీ నిర్ణయాలు సోరియం గారు చెప్పిన మొదటి రకానికి, అంటే మన నిర్ణయపు అమలుకు, చాలా దగ్గరగా వస్తాయి.

దూరదర్శిని

అందరికీ ధన్యవాదాలు. చదివాక నా ఎంపికలను మార్చాను. పన్నులు, గనుల కేంద్రాలు, సైన్యం భర్తీ కంప్యూటర్‌కే వదిలాను. వలసలు, ఒప్పందాలు, గూఢచర్యం సలహా స్థాయిలో ఉన్నాయి. నౌకల డిజైన్, పరిశోధన, నౌకల నిర్మాణం, యుద్ధ ప్రకటన నా దగ్గర ఉన్నాయి. జట్టుపోరు గారి హెచ్చరిక, నిశితలెక్క గారి సలహా ప్రకారం స్థావరాల నిర్మాణాన్ని కూడా సలహాకు తెచ్చాను, ఖజానా ఇప్పుడు నాకు అర్థమయ్యేలా కదులుతోంది. ఒంటరిఓడ గారూ, తర్వాతి ఆటను మీరు చెప్పిన చిన్న గెలాక్సీలోనే, మొదట అన్నీ చేత్తో చేసుకుంటూ ఆడి చూస్తాను.

నౌకాదళాల విషయం మాత్రం తేలలేదు. వాటిని పూర్తిగా వదిలేస్తే నేను కోరని చోట్లకు వెళ్ళి ఇంధనం అయిపోయి నిలిచిపోతున్నాయి. అన్నీ చేతిలో పెట్టుకుంటే, ఒక సరిహద్దులో నేను యుద్ధం చేస్తుండగా వేరే మూలన దొంగలు వచ్చి గనులను దోచుకుపోతున్నారు.

సోరియం

దళాలన్నింటికీ ఒకే పద్ధతి పెట్టనక్కరలేదు. రక్షణ దళాలను చిన్నవిగా చేసి, ఒక్కోదానికి ఒక స్థావరాన్ని ఇల్లుగా ఇచ్చి, రక్షణ భంగిమలో ఆటోమేషన్‌కు వదలండి. అవి వెళ్ళి తలపడగల దూరాన్ని ఆ వ్యవస్థకూ దాని పక్కనున్న వ్యవస్థలకూ మాత్రమే పరిమితం చేయండి. దొంగల పని అవి చూసుకుంటాయి, దూరం తక్కువ కనుక ఇంధనం సమస్య రాదు. దాడి దళాలు ఒకటి రెండు మించకుండా మీ దగ్గర ఉంచుకోండి.

నిశితలెక్క

దాడి దళం బయలుదేరే ముందు ఒక పని చేయండి. శత్రు సరిహద్దుకు వీలైనంత దగ్గరలో కాస్లాన్ దొరికే ఒక వాయుగోళం దగ్గర గనుల కేంద్రం కట్టించి, అక్కడ నిల్వ చేరాకే దళాన్ని కదిలించండి. ఇంధన నౌకలను దళంతోపాటే చేర్చండి. లక్ష్యాన్ని ఎంచేటప్పుడు దళంలో అన్నిటికంటే తక్కువ దూరం వెళ్ళగల నౌక ఏదో చూసుకుని, తిరిగి రావడానికి కూడా సరిపోయేంత దూరంలోనే లక్ష్యం పెట్టుకోండి.